రన్ అంటే పరుగొక్కటేనా?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. రన్ అంటే పరుగెత్తడం అని నేర్పాను. ‘ముక్కు రన్ అవుతోంది’, ‘హోటల్ రన్ చేస్తున్నారు’ అంటే ఒప్పుకోవడం లేదు. 2020లో తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చిన ఓడ ఫొటో కింద ‘ర్యాన్ అగ్రౌండ్’ అని చూసి, ఓడకు కాళ్లెక్కడివని అడిగింది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. ఈ మాటలో కాళ్లతో పాటు నీళ్లూ మొదటినుంచీ ఉన్నాయి. పాత ఇంగ్లిషు ‘రిన్నన్’కు పరుగెత్తడం, పారడం రెండూ అర్థాలే. దాని చుట్టమే జర్మన్‌లోని ‘రిన్నెన్’. అక్కడ ఇప్పటికీ కారడం, పారడం అనే అర్థం. మన ‘పారు’ చూడండి: ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు. చివరికి పాచిక కూడా పారుతుంది! కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘రన్’ అయిందంటే పాచిక పారినట్టే. ముక్కు సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆ 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ కదిలి కదిలి నేలకు తగిలి ఆగింది. ఆ కదలికకే రన్ అన్నారు.

హోటల్ దగ్గర చిక్కు వేరు. పాత ఇంగ్లిషులో తాను పరుగెత్తడానికి ఒక క్రియ, గుర్రాన్ని పరుగెత్తించడానికి ‘ఎర్నన్’ అని ఇంకో క్రియ ఉండేవి. తర్వాత రెండూ కలిసిపోయాయి. మనం మాత్రం విడిగానే ఉంచుకున్నాం: బస్సు నడుస్తుంది, డ్రైవరు నడుపుతాడు. అందుకే రన్ తర్వాత ‘దేన్ని?’ అని అడగమనండి. జవాబు వస్తే చాలాసార్లు ‘నడుపు’ సరిపోతుంది. రాకపోతే కర్తను చూడాలి. ద్రవమైతే కారు, పారు. జగదాంబలో సినిమా అయితే ఆడింది. భీమిలి వైపు బీచ్ రోడ్డయితే సాగుతుంది. చీర రంగయితే దిగుతుంది. ఇంట్లో గ్యాస్ ‘రన్ అవుట్’ అయితే అయిపోయింది అనాలి.

క్రికెట్‌లో పరుగు అసలు కాళ్ల పరుగే, కానీ లెక్కలోకి వచ్చాక కాళ్లను వదిలేసింది. 2005 ఏప్రిల్ 5న మన విశాఖలోనే పాకిస్థాన్ మీద ధోనీ చేసిన 148లో 15 ఫోర్లు, 4 సిక్సర్లు. అంటే 84 పరుగులు బౌండరీలవే. వికెట్ల మధ్య ఉరికి తీసినవి మిగతా 64.

ఇంకో ముచ్చట. పాత ఇంగ్లిషులో ‘రిన్నన్’ కంటే ‘ఇర్నన్’ అన్న రూపమే ఎక్కువ కనిపిస్తుంది. అచ్చు, ‘ర’ చోట్లు మార్చుకున్నాయన్నమాట. ఇప్పటి ‘బర్డ్’ కూడా అప్పుడు ‘బ్రిడ్’. దీన్నే మన వ్యాకరణం వర్ణవ్యత్యయం అంటుంది. తమిళంలో ‘ఉరల్’గా నిలిచిన మాట మన వంటింట్లో రోలయింది.

ప్రశ్న: రన్, ర్యాన్, మళ్లీ రన్. మూడో రూపం మొదటిలాగే ఎందుకుంది?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: నిజానికి మొదటిదే మూడోదానిలా మారింది. రింగ్, ర్యాంగ్, రంగ్ లాగే దీనికీ వర్తమానంలో ‘ఇ’ ఉండేది. మూడో రూపం ‘రున్నెన్’లోని ‘ఉ’ (ఇప్పుడు మనం ‘అ’గా పలికేది) 16వ శతాబ్దం నాటికి వర్తమానంలోకీ పాకింది. పరీక్షలో తప్పు జరిగేది ‘హ్యావ్’ దగ్గరే: ‘ఐ హ్యావ్ ర్యాన్’ అని రాస్తే మార్కు పోతుంది. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ తర్వాత ‘రన్’ అనే రాయండి.