డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 7 రావాలి కదా, మీటర్ 5.7 చూపిస్తోందేం?

మీ నీళ్లు పాడవలేదు, పారబోయకండి. మూత లేని బీకరులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. పీహెచ్ 5.6 దాకా దిగి దాదాపు అక్కడే నిలుస్తుంది. అంటే మీకొచ్చింది రావాల్సిన అంకే.

ఇంత తేలిగ్గా ఎందుకు దిగుతుందంటే, 25 డిగ్రీల దగ్గర లీటరు శుద్ధమైన నీళ్లలో ఉండే హైడ్రోజన్ అయాన్లు మోల్‌లో కోటో వంతు. వచ్చిన ఆమ్లాన్ని పట్టి ఉంచే పదార్థం వేరే ఏదీ లేదు. ఆ లీటరులో 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క మిల్లీలీటరు పోయండి, పీహెచ్ 7 నుంచి 5కి పడుతుంది. అదే మిల్లీలీటరు ఒక లీటరు 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం, పీహెచ్ 7.2) పోస్తే రెండో దశాంశం కూడా కదలదు. ఎంజైమును ఉత్త నీళ్లలో కరిగించొద్దనేది ఇందుకే.

అన్నట్టు, 7 తటస్థం అనేది 25 డిగ్రీలకే. ఒంటి వేడి 37 దగ్గర నీరు ఇంకాస్త ఎక్కువగా అయనీకరణం చెందుతుంది, తటస్థ పీహెచ్ 6.8 అవుతుంది. పాఠాల్లో ఈ ముక్క తరచూ వదిలేస్తారు.

నీళ్ల పీహెచ్ నిజంగా చూడాలంటే పది పదిహేను నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. అయాన్లు మరీ తక్కువ కాబట్టి రీడింగ్ నిలవదు, ఊగుతూనే ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటరు సంతృప్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం కలిపితే కుదురుతుంది. మీటరు ప్రోబ్‌ను (ఎలక్ట్రోడ్‌ను) డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకండి, లోపలి లవణం బయటికి పోతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి.

బఫర్ తయారీకైతే 5.7 చూపించిన ఈ నీళ్లనే నిశ్చింతగా వాడొచ్చు. లీటరు 50 మిల్లీమోలార్ ట్రిస్‌కి (బఫర్ల తయారీలో వాడే ఒక క్షార పదార్థం) 6.06 గ్రాములు తూచి, 800 మిల్లీలీటర్లలో కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ సరిచేశాకే లీటరుకు నింపండి. ముందే నింపేస్తే ఆమ్లం పోసేందుకు చోటుండదు. ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం వేడి దగ్గర. ట్రిస్ పీహెచ్ డిగ్రీకి 0.028 చొప్పున మారుతుంది. 25 డిగ్రీల్లో 8.0కి సర్దిన బఫర్ ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 8.6 అయి కూర్చుంటుంది. మీటరులోని ఆటోమేటిక్ టెంపరేచర్ సవరణ దీన్ని సరిచేయదు, అది ఎలక్ట్రోడ్ స్పందనను సర్దడానికే. ప్రయోగం ఏ వేడిలో చేస్తారో ఆ వేడిలోనే పీహెచ్ పెట్టండి.