సమాధానం: 5 కోట్లు 10 కోట్లెలా అయ్యాయంటే

అభివృద్ధి బ్యాంకులు రాబట్టిన ప్రైవేటు సొమ్ము మీ షీట్‌లో రెట్టింపు ఎందుకు వచ్చిందని అడిగారు కదా. తప్పు కూడికలో లేదండీ. ప్రైవేటు బ్యాంకులు పెట్టింది 5 కోట్ల డాలర్లే. దాన్ని రెండు అభివృద్ధి బ్యాంకులూ పూర్తిగా తామే రాబట్టినట్టు తమ ఖాతాలో రాసుకున్నాయి, అందుకే మీ షీట్‌లో 10 కోట్లు వచ్చింది.

సిండికేట్ రుణానికి (పలు సంస్థలు కలిసి ఇచ్చే ఒకే రుణం) ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) పద్ధతి ఇది: ప్రైవేటు సొమ్ములో సగం రుణాన్ని కూర్చిన సంస్థకు, మిగతా సగం ఆ రుణంలో పాలుపంచుకున్న అధికారిక (ప్రభుత్వాల తరఫు) సంస్థలన్నిటికీ (కూర్చిన సంస్థతో సహా) వాటి రుణవాటా ప్రకారం. మీ కేసులో రుణం కూర్చిన బ్యాంకు 4 కోట్లు, రెండోది 1 కోటి ఇచ్చాయి కదా. మొదటిదానికి కూర్చినందుకు 2.5, మిగతా 2.5లో వాటాగా మళ్లీ 2, మొత్తం 4.5 కోట్లు. రెండోదానికి 50 లక్షలే.

గ్యారంటీలకు (ప్రైవేటు రుణం తీరకపోతే తాము చెల్లిస్తామనే హామీలకు) ఇది వాడకండి. అక్కడ హామీ సగానికే ఉన్నా, ప్రైవేటు రుణం మొత్తాన్నీ లెక్కిస్తారు. నాకైతే అది కాస్త ఉదారంగానే అనిపిస్తుంది!