ఏడో పేజీలో నాన్న అన్న ‘ఓకే’

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ మొన్న పోస్టులో అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ‘ఓకే’ కనపడిన చోటల్లా గుండ్రంగా చుట్టాను. 11 పేజీల్లో 34 తేలాయి.

ఇంగ్లీషు మాట వాడావని నాకు కోపం లేదు. ఇవాళ మన ఊళ్లలో ఓకే అనకుండా ఒక పూట గడవదు. నా బెంగ వేరే. అమలాపురంలో తండ్రి, డాలస్‌లో కొడుకు, పెళ్లి కుదిరిన కూతురు, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు, అందరూ అదే గొంతుతో ఓకే అంటున్నారు. ఎవరు ఎందుకు అన్నారో నాకు వినపడలేదు.

ఏడో పేజీ తీసి చూడు. కొడుకు ఫోన్ చేసి, “పండక్కి రాలేను నాన్నా, సెలవు దొరకలేదు” అంటాడు. తండ్రి “ఓకే” అంటాడు. ఆ పక్కనే నువ్వు ‘బాధగా’ అని చేర్చావు. అది ఎందుకు చేర్చాల్సి వచ్చిందో ఆలోచించావా? ఓకేలో ఉన్నదంతా పలికే తీరులోనే ఉంది. ఫోన్లో కొడుక్కి తండ్రి గొంతు తెలుస్తుంది. చదివేవాళ్లకు ఆ గొంతు లేదు కాబట్టి బయటినుంచి ఒక మాట తెచ్చి అతికించావు.

తెలుగులో ఆ తిప్పలు ఉండవు. ‘సరే’ అంటే ఒప్పుకున్నాడు. ‘సరేలే’ అంటే ఆశ వదులుకున్నాడు. ‘సరే మరి’ అంటే ఇక లేవబోతున్నాడు. ‘సరే గానీ’ అంటే ఆ సంగతి పక్కన పెట్టి ఇంకేదో అడగబోతున్నాడు. ‘సరే సరే’ అన్నాడంటే వినే ఓపిక అయిపోయింది. లే, మరి, గానీ, ఈ చిన్న చిన్న ముక్కల్లో మన గొంతు ఉంది. ఇంగ్లీషువాళ్లు స్వరం పెంచీ తగ్గించీ చేసే పని మనం మాట చివర ఒక్క చిన్న ముక్కతో చేసేస్తాం, అది అచ్చులోకి చెక్కుచెదరకుండా వస్తుంది. నలభై ఏళ్లుగా రాస్తున్నాను, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంబరమే. ఆ తండ్రి చేత “సరేలే నాన్నా, ఉద్యోగం చూసుకో” అనిపించు. కొడుకుని ‘నాన్నా’ అని పిలిచే ఇల్లు కదా అది. ‘బాధగా’ కొట్టెయ్యి.

ఇక నీ కథలో తాతగారి సంగతి. యుద్ధంలో ఎవరూ చావని రోజు ‘జీరో కిల్డ్’ అనడానికి సున్నా, కే అని బోర్డు రాసేవారనీ, అదే ఓకే అయిందనీ మనవడికి చెబుతాడు. చిన్నప్పుడు నేనూ అదే నమ్మాను. నిజం కాదు. అమెరికాలో అలెన్ వాకర్ రీడ్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ పాత పత్రికలు తిరగేసి, 1960ల్లో దాని పుట్టుక బయటపెట్టాడు. 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో అది అచ్చయింది. మాటలను కావాలని తప్పుగా రాసి, మొదటి అక్షరాలతో కుదించడం ఆ రోజుల్లో అక్కడి పత్రికల సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) చేసి ఓ, కే అన్నారు. అలా పుట్టినవాటిలో చాలావరకు మాసిపోయాయి. దీనికి మాత్రం మరుసటి ఏడాది వచ్చిన అధ్యక్ష ఎన్నికలు కలిసొచ్చాయి. అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన మనుషులు ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఆ రెండక్షరాలనే నినాదం చేసుకున్నారు. ఆయన ఓడిపోయినా మాట జనం నోట్లో ఉండిపోయింది.

తాతగారు బోర్డు కథే నమ్మే మనిషైతే చెప్పనీ. మనం నమ్మినట్టు మాత్రం ఉండకూడదు. మనవడి చేత ఒక ప్రశ్న అడిగించినా చాలు.

ఆ చరిత్రలో మనకు పనికొచ్చేది తర్వాతి ముక్క. టెలిగ్రాఫ్ ఆపరేటర్లు ఆ మాటను అందిపుచ్చుకున్నారు. అవతలినుంచి ఓకే అని వస్తే సందేశం చేరిందని గుర్తు. చేరిందని మాత్రమే, అందులోని సంగతి నచ్చిందని అర్థం రాదు. ఇప్పటికీ మనం వినే ఓకేల్లో చాలావాటికి అంతే అర్థం. ఆఫీసులో పైవాడు ఆదివారం రమ్మంటే కుర్రాడు అనే ఓకే, ఆయన హాల్లోంచి ఏదో చెబితే ఆవిడ వంటింట్లోంచి అనే ఓకే. విన్నామంటున్నారు, అంతే. ఒప్పుకున్నారని అవతలివాళ్లు అనుకుంటారు. నీ కథలో మూడో పేజీలో భార్యాభర్తల గొడవ అక్కడే పుట్టింది. నువ్వు గమనించకుండా దాటి వెళ్లిపోయావు. అక్కడ ఇంకో పేజీ ఆగు.

కూతురు “సంబంధం ఓకే అయింది” అంటుంది చూడు, దాన్ని ముట్టుకోకు. ‘కుదిరింది’ అంటే రెండు వైపులా కలిసినట్టు. ‘ఓకే అయింది’ అంటే లోన్ ఓకే అయినట్టు, ఎవరో పైన కూర్చుని ఆమోదించినట్టు. ఆ పిల్ల తన పెళ్లి గురించి అలా మాట్లాడుతోందంటే ఆమె మనసు నాకు తెలిసిపోయింది. అక్కడ తెలుగు మాట పెడితే కథ చెడుతుంది. గ్యాస్ కుర్రాడి ఓకే కూడా ఉంచు, వాడు నిజంగా అదే అంటాడు.

సారీకి జవాబుగా వచ్చిన ‘ఇట్స్ ఓకే’లు ఐదున్నాయి. అమలాపురం పెద్దవాళ్ల నోట ‘పర్లేదులే’ చాలు. భోజనం ఎలా ఉందంటే మామయ్య ‘ఓకే’ అన్నాడు, ‘ఏదో ఉంది’ అంటాడేమో చూడు. ఇంకోటి, టైపు చేసేటప్పుడు నాలుగు చోట్ల ‘ఒకే’ పడింది. దీర్ఘం తప్పితే అది వేరే మాట. “ఒకే నాన్న” అని చదివి ఒక్క క్షణం నేను తికమక పడ్డాను.

మా అత్తగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ ఫోన్ పెట్టేముందు ఎప్పుడూ “ఉంటాను మరి” అనేవారు. అమెరికాలో ఉన్న మనవలు “ఓకే, బై” అని పెట్టేస్తుంటే, చివరి రోజుల్లో ఆవిడా “ఓకే” అనడం నేర్చుకున్నారు. అనేసి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చునేవారు. ఓకే అంటే అయిపోయిందని పిల్లల లెక్క. ఆవిడ లెక్కలో ఓకే అంటే వింటున్నాను, ఇంకా చెప్పండి అని. లైను తెగిన సంగతి కాసేపటికి గానీ తెలిసేది కాదు. ఆ దృశ్యం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, నా చేతిలో కుదరలేదు. నీ కథలో నాయనమ్మ ఉంది, ఆవిడకు ఒక్క మాట కూడా లేదు. కావాలంటే తీసుకో.

ముందు ఏడో పేజీ తిరగరాయి. రాశాక ఎవరి చేతైనా పైకి చదివించుకుని విను, అప్పుడు పంపు. సంక్రాంతికి ఇంట్లోనే ఉంటాను, నాన్నగారిని కూడా తీసుకురా.

ఉంటాను మరి.