కారు టకటకమంటే ముందు స్టెబిలైజర్ లింకు చూడండి

అన్నా, మీ ఎలక్ట్రిక్ కారు హైవేపై బాగానే ఉండి, కావలి సందుల్లో చిన్న గతుకులకే ముందు ఎడమవైపు టకటకమంటోందన్నారు. షాక్ అబ్జార్బర్లు మార్చాలన్న మెకానిక్ మాటకు అప్పుడే తలూపకండి. నా అనుమానం స్టెబిలైజర్ లింకు మీదే, అంటే కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు భాగాలతో కలిపే చిన్న రాడ్డు మీదే. ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి కాస్త అరిగినా వినిపిస్తుంది.

గుంత ఉన్న షెడ్డులో కారు నిలిపి, చక్రాలు నేల మీద ఉండగానే లింకును చేత్తో పట్టుకుని గట్టిగా కుదపండి. దాని చివరనున్న బాల్ జాయింటు (గుండ్రటి కీలు) వదులుగా కదిలినా, రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికొచ్చినా అది అరిగినట్టే. రెండువైపులా మార్పించండి.

లింకు బాగుంటే కింది ఆర్మ్ (చక్రాన్ని కారుకు పట్టి ఉంచే చేయి) లోని రబ్బరు బుష్‌లు చూడాలి. వాటి బోల్టులను కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే చివరిగా బిగించమనండి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. జాకీని బ్యాటరీ కింద మాత్రం పెట్టనివ్వకండి!