వాండు మంత్రదండమా, కర్రా?

సందేహం: విజయనగరంలో హోటళ్లకు, కల్యాణమండపాలకు తివాచీలు శుభ్రం చేసే పని మాది. కొత్తగా చేరే కుర్రవాళ్ల కోసం తివాచీ మీద వేడినీరు చిమ్మి మురికినీటిని వెనక్కి పీల్చే యంత్రానికి ఎలాంటి హోసు (వంగే గొట్టం), ఎలాంటి వాండు (చేత్తో పట్టుకుని తివాచీ మీద లాగే ఉక్కు గొట్టం) కొనాలో తెలుగులో నాలుగు పేజీలు రాయించాను. రాసినవారు హోసును ‘నాళిక’ అన్నారు, వాండును ‘మంత్రదండం’ అన్నారు. నేను హోసుల్లో వేడినీరు వెళ్లేదాన్ని ‘నీరు గొట్టం’ అని, మురికినీరు తిరిగి వచ్చేదాన్ని ‘పీల్చే గొట్టం’ అని మార్చాను. పీల్చేది యంత్రం గాని గొట్టం కాదు కాబట్టి ‘పీల్చే గొట్టం’ తప్పనీ, ‘చూషణ నాళిక’ అనాలనీ ఒక మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఏవి ఉంచమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మీ మిత్రుని అభ్యంతరంతోనే మొదలుపెడతాను. అది తెలుగు వాక్యం గుట్టును తాకే ప్రశ్న.

‘పీల్చే’ అనేది క్రియాజన్య విశేషణం. దాని తరవాత వచ్చే నామం ఆ పనికి కర్తా, కర్మా, సాధనమా అన్నది అది చెప్పదు. వినేవాడి లోకజ్ఞానానికి వదిలేస్తుంది. తాగే మనిషి, తాగే నీరు, తాగే గ్లాసు – మూడింట్లోనూ ‘తాగే’ ఒక్కటే. మనిషి తాగుతాడు, నీటిని తాగుతారు, గ్లాసుతో తాగుతారు. గ్లాసు దానంతట అది తాగుతుందని పసిపిల్లవాడు కూడా అనుకోడు. పడుకునే మంచం పడుకోదు, కూర తరిగే కత్తిపీట ఒంటరిగా ఏమీ తరగదు. అలాగే యంత్రం దేనిగుండా మురికినీటిని పీలుస్తుందో అది పీల్చే గొట్టం. నిక్షేపమైన తెలుగు, నిశ్చింతగా ఉంచండి.

‘నీరు గొట్టం’ మాత్రం దిద్దుకోవాలి. నీరు, ఏరు, ఇల్లు, కన్ను వంటి మాటలు మరో నామానికి ముందు నిలిచినప్పుడు రూపు మార్చుకుంటాయి: ఏటిగట్టు, ఇంటికప్పు, కంటిపాప. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలంటారు. నాగావళి నీటిమట్టం పెరిగిందంటాం గాని నీరుమట్టం అనం. కాబట్టి ‘నీటి గొట్టం’. ఇంకా మేలైన మాట ‘వేడినీటి గొట్టం’. కొనుగోలు గురించి చెప్పే కాగితంలో ఆ ‘వేడి’ ఉండి తీరాలి. తోటకు నీళ్లు పట్టే గొట్టమూ నీటి గొట్టమే, కాని ఈ యంత్రం పంపే వేడికీ ఒత్తిడికీ అది నిలవదు. ఇక్కడ కావలసింది లోపలి వెడల్పు పావు అంగుళమే ఉండి, గోడ దిట్టంగా ఉన్న సన్నని గొట్టం.

ఇక ‘నాళిక’. తప్పు మాట కాదు, మంచి సంస్కృత పదమే. అయితే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. పనిముట్ల పేర్లకు కూడా నాకు ఆ దారే సరైనదని గట్టి నమ్మకం. అందుకే మీ ఉత్తరం అందాక శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చి, మీ ఊళ్లోనే ఒక కల్యాణమండపంలో ఈ పని జరుగుతుంటే ఒక పూట కూర్చుని చూశాను.

పెళ్లి ముగిసిన మర్నాటి ఉదయం. ఎర్రటి తివాచీ మీద పసుపు మరకలు, అక్షతలు, నలిగిన బంతిరేకులు. అక్షతలను ముందే ఊడ్చి, ఇద్దరు కుర్రవాళ్లు యంత్రం పెట్టారు. ఒకడు మీట నొక్కి వాండును, వాళ్ల మాటలో కర్రను, తనవైపు లాగాడు, వేడినీరు చిమ్మింది. మీట వదిలి అదే బారున మళ్లీ లాగాడు, తడి పోయి రంగు తేలింది. ఇంతలో కర్ర మూతి దగ్గర నీరు నిలిచిపోయింది. “గొట్టం మడత పడింది, లాగడం లేదు” అన్నాడు రెండోవాడు. వెనక్కి వెళ్లి మడత విప్పగానే నీరు గుటుక్కున లోపలికి పోయింది.

ఆ ‘లాగడం లేదు’ అన్న మాట చెవిన పడగానే నా మనసు పులకించింది. మోటారు నీళ్లు లాగుతోంది, దీపం వత్తి నూనె లాగుతోంది అంటాం. కాబట్టి ‘లాగే గొట్టం’ మీ ‘పీల్చే గొట్టం’ కంటే కూడా సహజమైన మాట. అయినా మీ కాగితంలో ‘పీల్చే’నే ఉంచమంటాను. కారణం పైన చూశారు: అక్కడ కర్రను చేత్తో లాగడమూ ఉంది, యంత్రం నీటిని లాగడమూ ఉంది. ‘మీట వదిలి లాగండి, బాగా లాగకపోతే గొట్టం చూడండి’ అని రాస్తే మొదటి లాగడం చేతిదో యంత్రానిదో తెలియదు. చేతి పనికి ‘లాగు’, యంత్రం పనికి ‘పీల్చు’ అని పంచేస్తే చిక్కు ఉండదు. నోటిమాటలో వాళ్లు ఎలా అన్నా ఇబ్బంది లేదు, ఎదుట వస్తువు ఉంటుంది.

గొట్టం అనే మాటకు ఒక లోటుంది, అది మీకు తెలియాలి. ఇంగ్లీషులో హోసు అంటే వంగేదే. దాని మూలార్థం కాలితొడుగు, ఆ మెత్తదనం మాటలోనే ఉంది. తెలుగు గొట్టానికి ఆ భేదం లేదు. పొయ్యి దగ్గరి ఊదుగొట్టం గట్టిది, గొట్టపు బావిలో దించేదీ గట్టిదే. పైపు అన్నా అంతే. అందుచేత మొదటిసారి ‘వంగే గొట్టం’ అని రాసి, ఆ తరవాత వట్టి ‘గొట్టం’ అంటే చాలు.

కొలతల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ‘యాభై అడుగుల గొట్టం’ అంటే పొడవు, ‘రెండంగుళాల గొట్టం’ అంటే వెడల్పు అని మనం ఊహతో పట్టుకుంటున్నాం. మాటలో ఆ తేడా లేదు. ఆ వెడల్పు లోపలిదా బయటిదా అన్నది అసలే లేదు. బయటి కొలతతో వచ్చిన గొట్టం యంత్రం మూతికి అతకక తిప్పి పంపవలసి వచ్చిందని ఆ మండపంలో మేస్త్రీ చెప్పాడు. ‘లోపలి వెడల్పు’ అన్న రెండు మాటలు రాసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఇక 1.5ను ‘ఒకటి పాయింట్ ఐదు’ అని చదివించకండి. గంటన్నర, మూరన్నర అన్నట్టే అంగుళమున్నర. అంగుళమున్నర గొట్టానికీ రెండంగుళాల గొట్టానికీ మాటలో తేడా అరంగుళమే గాని లోపలి ఖాళీలో చాలా ఉంది. ఆ ఖాళీ వెడల్పును దానితోనే హెచ్చించిన లెక్కన పెరుగుతుంది: 1.5ను 1.5తో హెచ్చిస్తే 2.25, రెండును రెండుతో హెచ్చిస్తే 4. అంటే రెండోదానిలో గాలి పారే చోటు దాదాపు 1.78 రెట్లు. గొట్టం పొడుగయ్యేకొద్దీ లోగోడల రాపిడికి పీల్చే బలం తగ్గుతుంది కాబట్టి దూరపు పనికి లావు గొట్టం కావాలి. ఇదంతా కుర్రవాడికి అర్థం కావాలంటే ‘వ్యాసం’ కంటే ‘లోపలి వెడల్పు’ ఎంతో నయం.

వాండుకు వద్దాం. పాత నార్స్ భాషలో ఆ మాటకు అర్థం సన్నని బెత్తం, చువ్వ. మాంత్రికుడి చేతికి తరవాత వచ్చింది. మీకు రాసిపెట్టినవారు నిఘంటువులో ఆ రెండో అర్థం దగ్గరే ఆగిపోయారు. మనకు కర్రలకు పనినిబట్టి పేరు పెట్టే అలవాటుంది: పడవను నెట్టేది గడ, ఎద్దును అదిలించేది ములుగర్ర, బరువు మోసేది కావడిబద్ద, మీ ఊళ్లో పైడితల్లి పండుగకు ఊరేగేది సిరిమాను. ఈ పనిముట్టు పొడవాటి ఉక్కు గొట్టం. నడుము వంచనక్కర లేకుండా రెండుచోట్ల వంపు తిరిగి, కింద 12 లేదా 14 అంగుళాల మూతితో ఉంటుంది. నిజానికి తెలుగులో దీనికి అందమైన పేరు ఉంది: గ్రోవి. పిల్లనగ్రోవిలోని గ్రోవి, రంగునీళ్లు చిమ్మే చిమ్మనగ్రోవిలోని గ్రోవి. ఆ మాట మళ్లీ వాడుకలో వినాలని నాకు ఎంత ఆశగా ఉన్నా మిమ్మల్ని రాయమనను. ఆ కోరిక నాది. తడిచేతులతో పని చేసే కుర్రవాడిది కాదు. అతడు ‘కర్ర’ అంటున్నాడు, దుకాణంలో ‘వాండు’ అంటున్నారు. రైలుబండి, సోడాకాయ పుట్టినట్టే రెంటినీ కలిపి ‘వాండు కర్ర’ అని రాయండి. ఉక్కుది కర్ర ఎలా అవుతుందని మీ మిత్రుడు అడగవచ్చు. ఇనుప చేతికర్రనూ, ప్లాస్టిక్ రూళ్లకర్రనూ చూపించండి.

మీ కాగితంలో తివాచీ, జంపఖానా మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడారు, అది వద్దు. జంపఖానా నూలుతో నేసిన, నేల మీద పరిచి మడత పెట్టే మందపు గుడ్డ, తివాచీకి నూగు ఉంటుంది; శుభ్రం చేసే తీరూ వేరు. బహువచనం హోసులు, పైపులు, గొట్టాలు – మూడూ సరే. మూడో పేజీలోని ‘మంత్రదండం ఎంపిక చేసుకొనుట’ అన్న శీర్షిక తీసేసి ‘వాండు కర్ర, గొట్టం కొనేటప్పుడు’ అని పెట్టండి.