వయొలిన్ సాధనకు ఏ మెట్రోనోమ్ కొనాలి?

మీది మిర్యాలగూడ అన్నారు. పాప వయొలిన్‌లో అలంకారాల (తాళాల్లో కట్టిన తొలి స్వర పాఠాలు) దాకా వచ్చింది, మాస్టారు ఆదివారం మాత్రమే వస్తారు, మిగతా రోజులు ఒక్కతే సాధన చేసుకుంటుంది; లయ కోసం సమాన వ్యవధిలో టిక్కుమనే మెట్రోనోమ్ చెక్కది కొనాలా, డిజిటల్‌దా, ఫోన్‌లో యాప్ చాలా అని మీ ప్రశ్న. నేను నల్లగొండలో ఇంటి దగ్గర పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. చిన్న డిజిటల్ మెట్రోనోమ్ కొనండి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు తప్పక ఉండాలి.

గాత్రం నేర్చుకునేవాళ్లు తొడ మీద తాళం వేసుకుంటూ పాడతారు. వయొలిన్ పిల్లలకు రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి. తేలికైన స్వరాల దగ్గర పరుగెత్తుతారు, వేళ్లు తడబడే చోట నెమ్మదిస్తారు, ఆ తేడా వాళ్లకు తెలియదు. పక్కన మాస్టారు లేని ఆరు రోజుల్లో అదే అలవాటుగా గట్టిపడుతుంది. అందుకే మీరు ఈ ప్రశ్న ఇప్పుడే అడగడం నాకు సంతోషంగా ఉంది.

చెక్కది చూడముచ్చటగా ఉంటుంది. 1815లో మెల్జెల్ అనే జర్మన్ ఆవిష్కర్త పేటెంటు పొందిన నమూనా ఇప్పటికీ పెద్దగా మారలేదు. కీ తిప్పితే చాలు, బ్యాటరీ అక్కర్లేదు. కానీ కాస్త ఎగుడుదిగుడు బల్ల మీద పెడితే రెండు టిక్కుల మధ్య వ్యవధి సమానంగా రాదు, కుంటుతుంది. వేగాలు కూడా దాని మీద గీసినవే: నిమిషానికి 40 టిక్కుల నుంచి 208 వరకు, అదీ మెట్లు మెట్లుగా. 72 తర్వాత 76. మూడో కాలంలో (నాలుగు రెట్ల వేగంలో) అక్షరానికి, అంటే తాళంలో ఒక లెక్కకు, నాలుగు స్వరాలు కదా, ఆ ఒక్క మెట్టుకే నిమిషానికి పదహారు స్వరాలు పెరుగుతాయి. చిన్న వేళ్లకు అది చాలా ఎక్కువ. డిజిటల్‌లో 73, 74 అని ఒక్కొక్కటే పెంచుకోవచ్చు. ఇక మన ఎండాకాలం సంగతి మీకు చెప్పాలా? ఏప్రిల్ వచ్చిందంటే మా గదిలో కూలర్ ఆగదు. ఆ హోరులో, పైన వయొలిన్ మోగుతుంటే, చెక్కదాని టిక్కు వినబడనే వినబడదు. డిజిటల్‌దానికి ఇయర్‌ఫోన్ తగిలించి కుడి చెవికి మాత్రమే పెట్టండి. ఎడమ చెవి వాద్యానికి వదిలేయాలి.

ఫోన్ యాప్‌ను నేను తక్కువ చేయను. కచ్చితంగానే నడుస్తుంది, ఉచితంగా దొరుకుతుంది. చిక్కు శ్రుతి (వెనక ఆగకుండా మోగే ఆధార స్వరం) దగ్గర వస్తుంది. మా పిల్లల్లో చాలామంది తంబురా కూడా ఫోన్‌లోనే పెట్టుకుంటారు. కొన్ని ఫోన్లలో ఒక యాప్ మోగడం మొదలుపెడితే రెండోది ఆగిపోతుంది. అప్పుడు పిల్లలు లయ కోసం శ్రుతిని ఆపేస్తారు, అది మంచిది కాదు. ఫోన్‌ను తంబురాకు వదిలేసి, లయకు వేరే పరికరం పెట్టండి. ఇంట్లో శ్రుతి పెట్టె ఉంటే మాత్రం ప్రస్తుతానికి యాప్‌తో నడిపించవచ్చు.

దుకాణంలో, కొన్ని టిక్కులకు ఒకసారి గంట మోగించే సదుపాయాన్ని మార్చి మార్చి చూడండి. ఆది తాళంలో నాలుగు అక్షరాల భాగం (లఘువు) ఒకటి, రెండేసి అక్షరాల భాగాలు (ద్రుతాలు) రెండు ఉంటాయి; దానికి నాలుగుకు ఒకసారి పెడితే లఘువు మొదట్లో ఒకటి, ద్రుతాల మొదట్లో ఒకటి చక్కగా పడతాయి. ఖండజాతి అట తాళానికి ఐదేసి అక్షరాల లఘువులు రెండు, ద్రుతాలు రెండు, మొత్తం పద్నాలుగు అక్షరాలు. తొమ్మిది దాటి లెక్కించని పరికరాలు చాలా ఉన్నాయి. ఏడుకు పెడితే గంట రెండో లఘువు మధ్యలో మోగి పాపను తికమక పెడుతుంది. అందుకని గంటను పూర్తిగా తీసేయగలిగే పరికరమే కొనాలి. వేగం 30 వరకు తగ్గడం కూడా అంతే ముఖ్యం. మొదట 60లో అక్షరానికో టిక్కుతో వాయించాలి. అది కుదిరాక 30కి తగ్గించి, వాయించే వేగం మార్చకుండా రెండక్షరాలకో టిక్కు వచ్చేలా వాయించాలి. మధ్యలో వినబడని అక్షరాన్ని పాప తనే నిలబెట్టుకోవాలి. నా దగ్గర పిల్లలకు లయ నిలిచింది ఎక్కువగా ఈ సాధన వల్లనే. రంగులు, మెరిసే దీపాలు, రకరకాల శబ్దాల కోసం డబ్బు ఎక్కువ పెట్టవద్దు.

ట్యాప్ బటన్ ఉంటే మాత్రం వదలకండి. ఆదివారం మాస్టారు తాళం వేస్తున్నప్పుడు ఆ లయకు సరిగ్గా నాలుగైదు సార్లు దాన్ని నొక్కితే వేగం అంకె తెర మీద కనబడుతుంది. ఆ అంకెను నోటు పుస్తకంలో ఆ రోజు పాఠం పక్కన రాసి పెట్టండి. సోమవారం నుంచి దానికంటే కాస్త తగ్గించి మొదలుపెట్టించి, శనివారానికి ఆ అంకెకు చేరేలా చూడండి.