పిస్టన్‌కి కోటింగ్ వేయించాలనుకుంటున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇంజన్ పార్టుల కోటింగ్ గురించే ఎక్కువమంది అడిగారు, అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఇవే తీసుకుంటున్నాం.

ప్రశ్న: నా దగ్గర పాత బుల్లెట్ 350 ఉంది సార్, బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయిస్తున్న. పిస్టన్‌కి నల్ల మాలీ కోటింగ్ కొట్టిస్తే ఇంజన్ పట్టేయదు, సౌండ్ కూడా తగ్గుతదని మా ఉస్తాద్ అంటుండు. నిజమేనా? కంప్రెసర్, స్ప్రే గన్ షెడ్‌లోనే ఉన్నయి, మేమే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉస్తాద్ చెప్పింది చాలావరకు కరెక్టే. ఆ నల్లది మాలిబ్డినం డైసల్ఫైడ్, చాలాసార్లు దాంట్లో గ్రాఫైట్ కూడా ఉంటుంది, ఆ పొడిని వేడికి తట్టుకునే పాలీఅమైడ్ ఇమైడ్ రెజిన్‌లో కలిపి పిస్టన్ స్కర్ట్ మీద, అంటే రింగుల కింద బోరుకి (సిలిండర్ లోపలి గోడకి) ఒరుసుకునే భాగం మీద వేస్తారు. ఈ పొడి పొరలు పొరలుగా ఉంటుంది, పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ కాబట్టి ఒరిపిడి రాగానే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పొద్దున్నే చల్లటి ఇంజన్‌కి కిక్ కొట్టినప్పుడు ఆయిల్ ఇంకా పైకి చేరని ఆ కాసేపు, లేదా మే నెల ఎండలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంజన్ మరీ కాగినప్పుడు ఇది బాగా ఆదుకుంటుంది. పవర్ పెరుగుతుంది, మైలేజీ ఎక్కడికో పోతుంది అంటే మాత్రం నమ్మకండి.

మీరే చేసుకోవచ్చు, కానీ అసలు పనంతా స్ప్రే గన్ పట్టుకునే ముందే ఉంటుంది. పెట్రోల్‌తో కడిగేశాం చాలు అనుకుంటారు చాలామంది, పెట్రోల్‌తో జిడ్డు పూర్తిగా పోదు, అసిటోన్‌తో కడగాలి. వాడిన పిస్టన్ అయితే ముందు ఓవెన్‌లో వేడి చేసి లోపల పీల్చుకున్న ఆయిల్ బయటికి వచ్చాక మళ్లీ తుడవాలి. తర్వాత రింగులు కూర్చునే గాడులు, పిన్ను హోలు, పిస్టన్ తల అన్నీ వేడికి తట్టుకునే టేపుతో మూసేసి, స్కర్ట్ ఒక్కదాన్నే సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌తో, 220 మెష్ దగ్గర్లో, ప్రెషర్ తక్కువ పెట్టి బ్లాస్ట్ చేయించాలి, అంటే గాలితో ఆ గ్రిట్ చిమ్మి గరుకు చేయించాలి. గ్లాస్ బీడ్స్ వద్దు, అవి ఉపరితలాన్ని గరుకు చేయకుండా నున్నగా అణచేస్తాయి, కోటింగ్‌కి పట్టు దొరకదు. బ్లాస్టింగ్ అయ్యాక ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. బాలానగర్‌లో ఒక షెడ్‌లో విప్పిన పిస్టన్ చూశాను, కోటింగ్ అంతా గట్టిగా ఉంది గానీ పిన్ను హోలు పక్కన ఒక్కచోట పెచ్చులా లేచిపోయింది, ఆ లేచిన చోటు సరిగ్గా బొటనవేలి ముద్ర ఆకారంలో ఉంది, కోటింగ్ వేసే ముందు ఎవరో అక్కడ పట్టుకున్నారన్నమాట. ఆ ఊడిన ముక్కలు తిరిగి తిరిగి ఆయిల్‌లోనే కలుస్తాయి కదా.

స్ప్రే చేసేటప్పుడు పిస్టన్ కొంచెం గోరువెచ్చగా ఉంటే మంచిది. మాలీ పొడి బరువు, గిన్నె అడుక్కి దిగిపోతుంటుంది కాబట్టి గన్ కప్పులో ఒక చిన్న బేరింగ్ గోలీ వేసి ఊపుతూ ఉండాలి, లేకపోతే మొదట రెజిన్, చివర పొడి పడి రెండూ పనికిరావు. ఒకేసారి మందంగా కాకుండా పల్చగా రెండు మూడు సార్లు కొట్టండి, ఆరి కాలాక 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటే చాలు. కంపెనీలు చాలావరకు స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తాయి, అందుకే కొత్త పిస్టన్ల మీద అంచులు అంత నీట్‌గా కనిపిస్తాయి. ఓవెన్‌లో ఎంత వేడి, ఎంతసేపు అనేది డబ్బాతో వచ్చిన షీట్‌లో చూడండి, ప్రతి కంపెనీది వేరే. అయితే పిస్టన్ అల్యూమినియం హీట్ ట్రీట్‌మెంట్ చేసింది, 200 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచితే మెత్తబడుతుంది, అందుకే తక్కువ వేడిలో గట్టిపడే రకమే తీసుకోండి. వంటింటి ఓవెన్ మాత్రం అస్సలు వాడొద్దు. చల్లారాక థిన్నర్ గుడ్డతో రుద్దండి, నల్లగా అంటుతుంటే సరిగ్గా కాలలేదని అర్థం.

ఇంకోటి, కొలతలు. కోటింగ్ స్కర్ట్‌కి రెండు వైపులా పడుతుంది, ఒక్కో వైపు 15 మైక్రాన్లు అంటే మొత్తం 30, అంటే మన లేత్ షాపుల లెక్కలో ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పైనే. బోరు పిస్టన్‌ని బట్టే కొడతారు కాబట్టి కోటింగ్ పని ముందు ముగించి, ఆ పిస్టన్ తీసుకెళ్లి అప్పుడు బోరుకి ఇవ్వండి. కొన్ని కోటింగులు రన్నింగ్‌లో కొంచెం అరిగి సెట్ అవుతాయి, వాటికి కోటింగ్ లేని కొలతే లెక్క, అందుకే కోటింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మైక్రోమీటర్‌తో కొలిచి రాసిపెట్టుకోండి.

ఇక ఈ కోటింగులు చాలావాటిలో ఎన్‌ఎంపీ అనే సాల్వెంట్ ఉంటుంది, కడుపులో బిడ్డకి హాని చేసేది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లవుజులు ఉండాల్సిందే. ఇల్లు పక్కనే ఉన్న షెడ్ అయితే ఈ పని బయట కోటింగ్ చేసేవాళ్లకి ఇచ్చేయండి, దయచేసి.

ప్రశ్న: కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ఆయిల్‌లో ఒక డబ్బా పోస్తామంటున్నారు, ఇంజన్ లోపల టెఫ్లాన్ కోటింగ్ ఏర్పడుతుందట. పోయించమంటారా?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: వద్దండి. మీ ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మీద ఉండేది కూడా టెఫ్లానే కదా, అది ఎలా అతుక్కుంటుందో చూడండి, పెనాన్ని గరుకు చేసి, ప్రైమర్ వేసి, పైన టెఫ్లాన్ వేసి ఫర్నేస్‌లో 400 డిగ్రీల దగ్గర్లో కాలుస్తారు, ఎందుకంటే టెఫ్లాన్ కరగాలంటేనే 327 డిగ్రీలు కావాలి. మీ ఇంజన్‌లో ఆయిల్ మామూలుగా 100 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది, లోపల మెటల్ అంతా ఆయిల్‌తో తడిసి ఉంటుంది, అక్కడ అది కోటింగ్‌లా ఎలా పడుతుంది? అమెరికాలో ఇలాంటి స్లిక్ 50 అనే డబ్బా ప్రకటనల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో కేసు పెట్టింది, చెప్పినదానికి ఆధారాలు లేవని. ఆ డబ్బులతో మాన్యువల్‌లో రాసిన గ్రేడు మంచి ఆయిల్, ఫిల్టర్ టైముకి మార్పించుకోండి.

ప్రశ్న: మేం ఇంజనీరింగ్ స్టూడెంట్స్, కాలేజీ రేస్ కార్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్‌కి డీఎల్‌సీ వేయిద్దామనుకుంటున్నాం. ఎలా వేస్తారు, హైదరాబాద్‌లో ఎవరిని అడగాలి?
– విద్యార్థులు, ఘట్‌కేసర్

జవాబు: డీఎల్‌సీ అంటే వజ్రం లాంటి గుణాలున్న కార్బన్ పొర. పార్టుని వాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టి, ఆర్గాన్ అయాన్లతో ఉపరితలాన్ని శుభ్రం చేసి, పట్టు కోసం ముందు క్రోమియం లాంటి లోహం పల్చగా వేసి, దాని మీద ఎసిటిలీన్ లాంటి గ్యాస్‌ని ప్లాస్మాలో విడగొట్టి గానీ గ్రాఫైట్ నుంచి నేరుగా గానీ కార్బన్ పేరుస్తారు. మందం 1 నుంచి 4 మైక్రాన్లే కాబట్టి క్లియరెన్స్ బాధ దాదాపు లేదు, కానీ ఇది కింద ఉన్న గీతల్ని కప్పదు, పాలిష్ అద్దంలా ఉండాలి. నన్నడిగితే క్యామ్‌షాఫ్ట్ వదిలేసి దాని మీద ఒరుసుకునే ఫాలోవర్లకి వేయించండి, చిన్నవి, స్టీల్‌వి, పాలిష్ చేయడం తేలిక, రేస్ బైకుల్లో కూడా ఎక్కువగా వాటికే వేస్తారు. ఆ స్టీల్ ఎంత వేడిలో టెంపర్ చేశారో కనుక్కుని కోటింగ్ అంతకంటే తక్కువ వేడిలో చేయమని అడగండి, లేకపోతే కింద స్టీల్ మెత్తబడి పైన గట్టి పొర పగిలిపోతుంది. ఆయిల్ కూడా చూసుకోండి, ఎంఓడీటీసీ అనే ఫ్రిక్షన్ తగ్గించే మందు కలిపిన ఆయిళ్లలో హైడ్రోజన్ ఉన్న డీఎల్‌సీ తొందరగా అరుగుతుంది.

బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది, పౌడర్ మెటలర్జీ, కొత్త మెటీరియల్స్ మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, డిటోనేషన్ స్ప్రే లాంటి కోటింగులకి పేరున్న చోటు. అది జాబ్ షాపు కాదు, మీ ప్రొఫెసర్ గారితో లెటర్ రాయించి సలహా అడగండి. వేయించడం మాత్రం టూల్స్‌కి పీవీడీ (వాక్యూమ్‌లో ఆవిరి రూపంలో పల్చటి పొర వేసే) కోటింగ్ చేసేవాళ్ల దగ్గర కుదరొచ్చు, వాళ్ల బ్యాచ్‌తో పాటు మీ నాలుగు ముక్కలు పెట్టమంటే ఖర్చు తగ్గుతుంది.

ప్రశ్న: నా 200 సీసీ బైక్ బ్యారెల్ అల్యూమినియంది, లోపల నికాసిల్ అంటున్నారు. గీతలు పడ్డాయి, లేత్ షాపతను బోరు కొట్టేస్తానంటున్నాడు, ఇచ్చేయనా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: ఇవ్వకండి. నికాసిల్ అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి కరెంటుతో ఎక్కించే ప్లేటింగ్, జర్మనీకి చెందిన మాలే కంపెనీ 1967లో తెచ్చింది. బోరు కొడితే ఆ పొర పోయి ఉత్త అల్యూమినియం మిగులుతుంది, దాని మీద అల్యూమినియం పిస్టన్ తిరిగితే కొద్దిసేపట్లోనే పట్టేస్తుంది. ముందు ఆ గీతలు ఏంటో చూడండి, చాలాసార్లు అవి పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియమే, జాగ్రత్తగా తీసేస్తే కింద ప్లేటింగ్ బాగానే ఉంటుంది. గీతలో గోరు దిగుతుంటేనో, ప్లేటింగ్ పెచ్చులూడి ఉంటేనో బ్యారెల్, పిస్టన్ కిట్ కొత్తది తీసుకోండి, లేదా మళ్లీ ప్లేటింగ్ చేసి డైమండ్ స్టోన్లతో హోనింగ్ చేసి (లోపల సన్నగా రుద్ది కొలతకి తెచ్చి) ఇచ్చేవాళ్లకి పంపండి.